ఏ బడిలో చేర్పిస్తారో లెక్క కట్టడమెలా?

న్యూయార్క్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు తమకు నచ్చిన ప్రభుత్వ హైస్కూళ్ల పేర్లు వరుసగా రాసిస్తారు. ఫలానా ఇంటివాళ్లు మొదట ఏది రాస్తారో ముందే చెప్పగలమా? ఒక్క ఇంటి సంగతి కష్టం. అలాంటి వెయ్యి ఇళ్లలో ఎన్ని ఎటు మొగ్గుతాయో మాత్రం చెప్పొచ్చు.

ఎలాగంటే, ప్రతి స్కూలుకూ ఒక మార్కు వేస్తారు. ఫలితాలు బాగుంటే కలుపుతారు, దూరమైతే కోస్తారు. మైలుకు ఎంత కోయాలి? అది ఎవరో కూర్చుని తేల్చేది కాదు. వేల కుటుంబాలు ఇచ్చిన జాబితాలకు ఏ అంకె బాగా అతికితే అదే. అక్క అక్కడే చదివిందనో, స్నేహితుడు చేరుతున్నాడనో ఎంచుకునేవాళ్లూ ఉంటారు. అవి లెక్కకు కనబడవు కనుక యాదృచ్ఛికం కింద జమకడతారు. అందుకే జవాబు సంభావ్యతగా వస్తుంది. లాజిట్ అనే ఈ పద్ధతిలో, రెండే స్కూళ్లుండి ఒకదానికి 1 మార్కు ఎక్కువైతే నూటికి 73 ఇళ్లు దానికి, 27 రెండోదానికి.

ఈ పద్ధతిని నిలబెట్టిన డేనియల్ మెక్‌ఫాడెన్ దాన్ని బడుల మీద కాదు, రైలు మీద పరీక్షించారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ రైలు వస్తే ప్రయాణికుల్లో 15 శాతం ఎక్కుతారని అధికారుల అంచనా. ఆయన 6.3 అన్నారు. ఎక్కింది 6.2. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది.

సరే, జాబితాలో రాసిందంతా మనసులో మాటేనా? అసలు చిక్కు ఇక్కడే. బోస్టన్‌లో 2005 వరకు మొదటి పేరుగా రాసినవాళ్లకే ముందు సీట్లు. గిరాకీ ఉన్న బడిని మొదట రాసి అది దక్కకపోతే, రెండోది అప్పటికే నిండిపోయి ఉండేది. దాంతో సంగతి తెలిసిన తల్లిదండ్రులు కూడబలుక్కుని, వచ్చే అవకాశమున్నదాన్నే ముందు రాసేవారు. తెలియనివాళ్లు నష్టపోయేవారు. ఆ జాబితాలతో లెక్క కడితే భయాన్ని ఇష్టమనుకున్నట్టే. న్యూయార్క్ 2003లో గణితవేత్తలు గేల్, షాప్లీల పద్ధతికి మారింది. అందులో చివరిదాకా ఏ సీటూ ఖరారు కాదు. ప్రాధాన్యం ఎక్కువున్న విద్యార్థి ఆలస్యంగా అడిగినా దక్కుతుంది కాబట్టి నిజం రాసినందుకు నష్టం లేదు. అయితే అప్పట్లో 12 పేర్లే రాయాలన్న పరిమితి ఉండటంతో ఆ భరోసా పూర్తిగా దక్కలేదు.

లాజిట్ తడబడే చోటూ ఉంది. పైన 73 ఇళ్లు కోరిన బడి పక్కనే అచ్చం అలాంటిదే ఇంకోటి తెరిచారనుకోండి. ఆ 73నే రెండూ పంచుకోవాలి కదా! లాజిట్ మాత్రం 42, 42, 16 అంటుంది. ఏ సంబంధమూ లేని బడి నుంచి 11 ఇళ్లను లాగేస్తుందన్నమాట. ఒకే తీరు బడులను ఒక గుంపుగా చూసే నెస్టెడ్ లాజిట్ వాడేది ఇందుకే.