నిగనిగలాడే గొట్టానికి లోపలి శత్రువు

హైదరాబాద్: ఇనుప బకెట్టు తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. పెచ్చులూడుతుంది, చివరికి చిల్లు పడుతుంది. కాని పైకి నిగనిగలాడుతూనే ఉన్నట్టుండి పగిలే లోహాలూ ఉన్నాయి. 1971లో హైదరాబాదులో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే జిర్కలాయ్ గొట్టాలకూ ఈ బెడద తప్పదు.

220 మెగావాట్ల భారజల రియాక్టరులో వాడే ఒక్కో ఇంధన కట్టలో ఇలాంటి గొట్టాలు 19 ఉంటాయి. పొడవు సుమారు అర మీటరు. గోడ మందం అర మిల్లీమీటరు కూడా లేదు! యురేనియం ఆక్సైడ్ బిళ్ళలను ఇందులో పేర్చి, రెండు చివరలా మూతలు అతుకుతారు. రేడియో ధార్మిక పదార్థాలు బయటికి రాకుండా ఆపే తొలి లోహపు గోడ ఇదే.

శత్రువు మాత్రం ఇంట్లోనే పుడుతుంది. యురేనియం చీలినపుడు వెలువడే వాటిలో అయోడిన్ ఒకటి. గాయాలకు పూసే టింక్చరులో ఉండేదీ ఈ మూలకమే. రియాక్టరు శక్తిని ఒక్కసారిగా పెంచితే బిళ్ళలు వేడికి ఉబ్బి గొట్టాన్ని లోపలి నుంచి నెడతాయి. లోహం అలా సాగి బిగుసుకున్న చోట అయోడిన్ దాన్ని కొరుకుతుంది. ఈ రెండూ కలిసినపుడే వెంట్రుకవాసి పగులు పుడుతుంది. ఇంజనీర్లు దీన్ని స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్ అంటారు.

ఈ జబ్బు కొత్తది కాదు. తెల్లదొరల కాలంలో మన దేశంలోని సైన్యం నిల్వ చేసిన ఇత్తడి తూటాల తొడుగులు వానాకాలంలో పేల్చకుండానే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు కలిసి చేసిన పని అది.

అణు ఇంధనం విషయంలో 1970ల తొలి ఏళ్ళలో కెనడా వారికి ఈ దెబ్బ తగిలింది. పికరింగ్ కేంద్రంలో ఇంధన గొట్టాలు పగలడంతో వారు గొట్టం లోపలివైపు గ్రాఫైట్ పూత వేశారు. పెన్సిల్ ముల్లులో ఉండే పదార్థమే! బిళ్ళ గొట్టానికి పట్టుకోకుండా జారాలన్నది వారి ఉద్దేశం. పగుళ్ళు బాగా తగ్గాయి.

హైదరాబాదులోనూ భారజల రియాక్టర్ల గొట్టాలకు ఈ పూత వేస్తారు. మందం మైక్రాన్లలోనే. పూత ఆరితే సరిపోదు, గొట్టాలను శూన్యంలో వేడిచేసి తేమను పూర్తిగా తీసివేయాలి. తేమ మిగిలిందో, దాని హైడ్రోజన్ లోహాన్ని పెళుసు చేసి మరో తంటా తెస్తుంది.

ఇంత చేసినా రియాక్టరు నడిపేవారు శక్తిని మెల్లగానే పెంచాలి. గొట్టం ఎక్కడైనా పగిలితే వేడిని మోసుకుపోయే భారజలంలో అయోడిన్ పెరిగి ఆ సంగతి పట్టిస్తుంది. భారజల రియాక్టర్లలో ఒక సౌకర్యం ఉంది. పాడైన కట్ట ఏ వరుసలో ఉందో కనిపెట్టి, రియాక్టరును ఆపకుండానే దాన్ని బయటికి లాగేయవచ్చు.