చికిత్సానంతరము పి.ఎస్.ఏ. లెక్కను చదువు విధము

మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళమును చుట్టుకొని, పెద్ద ఉసిరికాయంత గ్రంథి యొకటి పురుషులకు గలదు. వైద్యులు దానిని ప్రోస్టేటనియు, మనవారు పౌరుషగ్రంథి యనియు అందురు. వీర్యమును పలుచన చేయుటకై ఆ గ్రంథి పుట్టించు మాంసకృత్తే పి.ఎస్.ఏ. అందులో స్వల్పభాగము నెత్తుట కలియును. గ్రంథికి క్యాన్సరు సోకినను, వయసుచే నది పెరిగినను, మూత్రమార్గమున చీముపట్టినను ఆ భాగము హెచ్చును. కావున ఈ లెక్క సూచనయే కాని తీర్పు కాదు.

అమెరికా ప్రభుత్వము ఈ పరీక్షకు మొదట అనుమతి యిచ్చినది 1986లో. అదియు రోగమును కనిపెట్టుటకు కాదు, రోగమున్నదని తెలిసినవారి స్థితిని గమనించుచుండుటకు. ఆ యేటి ఆగస్టులోనే భద్రాచలమున గోదావరి 75.6 అడుగులకు పొంగినది మీకు జ్ఞాపకముండును. ఆ గోదావరియే మనకిచ్చట ఉపమానము. భద్రాచలమున 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. అయినను తీరవాసి యొక్క అంకెతో తృప్తిపడడు. నిన్న ఎంత, నేడు ఎంత, గంటకెంత పెరుగుచున్నది అని యడుగును. పి.ఎస్.ఏ.ను గూడ అట్లే చదువవలెను.

పరీక్షాపత్రముపై “4 లోపు సామాన్యము” అని సాధారణముగా అచ్చువేసియుందురు. మిల్లీలీటరు నెత్తుటికి ఇన్ని నానోగ్రాములని దాని యర్థము. ఆ హద్దు చికిత్స పొందనివారి కొఱకు ఏర్పడినది. చికిత్స పొందినవారికి అది వర్తింపదు. ఈ యొక్క మాట తెలియక ధైర్యముగా ఇంట కూర్చుండుటలోనే అపాయ మున్నది.

శస్త్రచికిత్సచే గ్రంథిని పూర్తిగా తీసివేసినచో, నెత్తుటనున్న పి.ఎస్.ఏ. రెండు మూడు దినముల కొకమారు సగమగుచు, ఆరెనిమిది వారములలో యంత్రమునకు అందనంత తక్కువ కావలెను. పిమ్మట ఎప్పుడైనను 0.2 వచ్చి, మరల చేసిన పరీక్షలోను అంతయో అంతకు మించియో ఉన్నచో, వ్యాధి తిరిగి తలయెత్తినట్లు వైద్యులు భావింతురు. అప్పుడు కిరణచికిత్స చేయుదురు. లెక్క తక్కువగా నున్నప్పుడే దాని ఫల మెక్కువ.

మొదటనే కిరణచికిత్స పొందినవారి మార్గము వేరు. గ్రంథి లోపలనే యుండును గనుక లెక్క మెల్లగా, ఏడాదిన్నరయో అంతకు మించియో దిగును; సున్న కానక్కరలేదు. చేరిన కనిష్ఠసంఖ్యకు 2 కలిపి, ఆ మొత్తమును చేరినను మించినను వ్యాధి తిరిగినట్లు గణింపవలెనని 2005లో ఫీనిక్సు నగరమున సమావేశమైన వైద్యులు నిర్ణయించిరి. ఈ నడుమ లెక్క కొంత పెరిగి తనంత తాను తగ్గుటయు గలదు. నాకు అట్లే జరిగినది. 0.6 ఉండినది ఆరు నెలలకు 1.3 అయ్యెను. ఆ పూట మా యింట పొయ్యి వెలుగలేదు. వైద్యుడు మాత్రము తొందరపడక, మూడు నెలలకు మరల చూతమనెను. అప్పటికి 0.9, పిదప 0.5 వచ్చినది.

పురుషహార్మోనును అణచినచో ఈ క్యాన్సరు తగ్గునని 1941లో చార్లెసు హగ్గిన్సు చూపెను. 1966లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఆ సూదిమందు పొందువారికి లెక్క దిగుట మందు బలమే కాని, రోగము సమూలముగా పోయినట్లు కాదు. వైద్యుడు చెప్పనిదే మానరాదు.

ఇక ఆచరణలోని మాటలు. ప్రతిమారును ఒక్క పరీక్షాలయముననే నెత్తురిండు. యంత్రములు మారిన అంకెలు మారును. ఒక పుస్తకమున తేదీయు అంకెయు వరుసగా వ్రాసికొనుడు. ఎన్ని నెలలకు రెట్టింపగుచున్నదో వైద్యునికి దానివలననే తెలియును. మూత్రమున మంట యున్నచో ముందు దానిని చెప్పుడు. ఫినాస్టెరైడు మాత్ర వాడుచున్నచో దాచవలదు. అది లెక్కను ఇంచుమించు సగము చేయును. అడవిమూలికలు తినుచున్నను చెప్పుడు. నడుమున తీరని నొప్పియు, కాళ్లలో బలహీనతయు తోచినచో, లెక్క ఎంతయున్నను ఆలసింపక వైద్యుని కడకు పొండు.

ఈ వ్యాధి మాట నలుగురిలో చెప్పుకొనుటకు మనవారు సిగ్గుపడుదురు. ఏటి మట్టము వినుటకు సిగ్గుపడని మనము, మన దేహములోని మట్టము నడుగుటకు ఏల సిగ్గుపడవలెను? మీ గ్రామమున చికిత్స పొందివచ్చిన పెద్ద యెవరైన నున్నచో, ఆయన పత్రములను వెదకి తీయించి వరుసగా పేర్చి చూడుడని మనవి.