ముగ్గురాయి నుంచి బేరియం సల్ఫేట్: తయారీ, ధర్మాలు, పరిభాష

నెల్లూరు జిల్లా పడమటి అంచున ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకూ కడప సీమకూ నడుమ వెలిగొండలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. ఆ కొండలకు ఆవలివైపున, పూర్వపు కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటలో, ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఉన్నది. తెలుగువారు ఈ ఖనిజాన్ని ముగ్గురాయి అంటారు. రసాయనికంగా ఇది బేరియం సల్ఫేట్.

పదం, పదార్థం

ముగ్గురాయి అన్న పేరు వాడుకను బట్టి వచ్చింది. మోస్ కొలమానంలో దీని కాఠిన్యం 3 నుంచి 3.5 మాత్రమే కనుక సులభంగా పొడి అవుతుంది. పాశ్చాత్యులు పెట్టిన పేరు మాత్రం బరువును సూచిస్తుంది. ‘బేరియం’కు మూలం బరువైనది అనే అర్థమున్న గ్రీకు పదం ‘బరుస్’. దీన్ని సంస్కృత ‘భార’ శబ్దంతో ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ భాషాశాస్త్రం ప్రకారం దానికి జ్ఞాతి ‘గురు’ శబ్దం. ఈ ఖనిజం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 4.5 గ్రాములు, సున్నపురాయి ఖనిజమైన కాల్సైట్‌ది 2.7. ఒకే పరిమాణం గల రెండు ముక్కలను చేతుల్లోకి తీసుకొంటే తేడా తెలిసిపోతుంది. ముగ్గుపిండిగా అమ్మే ప్రతి తెల్లపొడీ ఈ ఖనిజం కాదు. వేరే రాళ్ల పొడి కూడా ఆ పేరుతో చెలామణి అవుతుంది.

తవ్వితీసిన ముగ్గురాయిలో అధికభాగం చమురుబావుల తవ్వకంలో వాడే బురదను బరువెక్కించడానికి పోతుంది. అక్కడ రంగుతో పని లేదు. మంగంపేట రాయి చాలావరకు బూడిదరంగుది. రంగుల పరిశ్రమకూ వైద్యానికీ మాత్రం తెల్లని, శుద్ధమైన లవణం కావాలి. ప్రకృతిలో సిద్ధంగా ఉన్న పదార్థాన్ని మళ్లీ తయారు చేయవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

తయారీ

ఇది నీటిలో కరగదు, సజల ఆమ్లాల్లోనూ కరగదు. కరగనిదాన్ని కడిగి శుద్ధి చేయడం కష్టం. అందువల్ల ముందు దాన్ని కరిగే రూపంలోకి మార్చాలి. ముగ్గురాయి పొడిని బొగ్గుతో కలిపి కొలిమిలో సుమారు 1000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేస్తే, కార్బన్ సల్ఫేట్‌లోని ఆక్సిజన్‌ను లాక్కొని వాయువుగా వెళ్లిపోతుంది. బేరియం సల్ఫైడ్ మిగులుతుంది. ఆ నల్లని ముద్దను వేడినీటిలో నానబెట్టి వడపోస్తే మలినాలు పైన నిలిచిపోతాయి. తేటలో సోడియం సల్ఫేట్ ద్రావణం పోయగానే తెల్లని అవక్షేపం దిగుతుంది. దాన్ని కడిగి ఆరబెడితే శుద్ధమైన బేరియం సల్ఫేట్ వస్తుంది. సల్ఫేట్‌తో మొదలై సల్ఫేట్‌తోనే ముగిసే ఈ ప్రయాణం వ్యర్థమని తోచవచ్చు. కానీ మలినాలు రాలిపోయేది ఆ మధ్య మజిలీలోనే. పదిహేడో శతాబ్దపు తొలినాళ్లలో ఇటలీలోని బొలోన్యాలో విన్చెంజో కషరోలో అనే చెప్పులు కుట్టే వ్యక్తి ఈ రాతిని బొగ్గుతో కాల్చి, అది చీకట్లో వెలగడం గమనించాడు. ఆ వెలుగు సల్ఫైడ్‌దే.

కళాశాల ప్రయోగశాలలో ఇంత శ్రమ ఉండదు. బేరియం క్లోరైడ్ ద్రావణంలో సజల గంధకికామ్లం చుక్కలుగా వేస్తే చాలు.

కరగకపోవడమే ప్రధాన గుణం

25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో కరిగే బేరియం సల్ఫేట్ సుమారు 2.4 మిల్లీగ్రాములు. బేరియం క్లోరైడ్ మూడు వందల గ్రాములకు పైగా కరుగుతుంది. సల్ఫేట్ పరీక్షకు ఆధారం ఈ అంతరమే. కార్బొనేట్ కూడా తెల్లని అవక్షేపాన్ని ఇస్తుంది కానీ, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నురగతో కరిగిపోతుంది. సల్ఫేట్ అలాగే నిలుస్తుంది. ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంతాల బోరునీటిని పరీక్షించడానికి ఈ పద్ధతే పనికివస్తుంది. తాగునీటిలో సల్ఫేట్ లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదని 2012 నాటి భారత ప్రమాణం చెబుతుంది. వేరే నీరు లేనిచోట 400 వరకు అనుమతిస్తుంది. లీటరులో 200 మిల్లీగ్రాములున్న నీరు దాదాపు 486 మిల్లీగ్రాముల అవక్షేపాన్ని ఇస్తుంది. ఫ్లోరైడ్ విషయంలో ఈ పరీక్ష ఏమీ చెప్పదు. దానికి వేరే పరీక్ష ఉన్నది.

ఒక్క అక్షరం

కరిగిన బేరియం విషం. రక్తంలోని పొటాషియంను తగ్గించి కండరాలనూ గుండెనూ దెబ్బతీస్తుంది. అయినా ఎక్స్‌రేకు ముందు రోగి బేరియం సల్ఫేట్‌ను తాగి క్షేమంగా లేచి వెళ్తాడు. అది కరగకుండానే బయటికి పోతుంది. కార్బొనేట్ సంగతి వేరు. నీటిలో కరగకపోయినా జఠరంలోని ఆమ్లంలో కరుగుతుంది. 2003లో బ్రెజిల్‌లో కార్బొనేట్ కలిసిన ఎక్స్‌రే మందు తాగి పలువురు మరణించారు.

ఈ దృష్టితో చూస్తే పరిభాష అలంకారం కాదు. సల్ఫేట్‌ను గంధకితం అనీ సల్ఫైడ్‌ను గంధకిదం అనీ తెలుగు చేసినవారున్నారు. వ్యాసంలో అవి సొంపుగానే ఉంటాయి, సీసాపై అంటించే చీటీకి మాత్రం తగవు. తకార దకారాల తేడా మసకబారితే విషానికీ మందుకూ తేడా పోతుంది. సల్ఫేట్, సల్ఫైట్, సల్ఫైడ్ అన్న ఎరువు మాటలకూ ఆ ప్రమాదం లేకపోలేదు. పేరు ఏ భాషలో ఉన్నా పక్కన రసాయన సంకేతం ఉండాలి.

కరిగే బేరియం పొరపాటున కడుపులోకి పోతే వైద్యులు సోడియం సల్ఫేట్‌నో మెగ్నీషియం సల్ఫేట్‌నో తాగిస్తారు. కడుపులోనే ముగ్గురాయి తయారై విషం కట్టుబడుతుంది. ప్రయోగశాలలో పరీక్ష ముగిశాక మిగిలిన బేరియం క్లోరైడ్‌ను కాలువలో పోయకముందు చేయవలసిన పనీ అదే: సోడియం సల్ఫేట్ కలిపి, తెల్లని అవక్షేపం పూర్తిగా దిగనిచ్చి, వడపోసి వేరుచేయడం.