ధ్వని – చోటు – శ్రోత: ఫీనిక్స్ బృందం ‘ఆల్ఫా జులూ’ ఆల్బమ్ పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఫ్రెంచి ఇండీ పాప్ బృందం ఫీనిక్స్ 2022 నవంబరు 4న వెలువరించిన ‘ఆల్ఫా జులూ’ ఆ బృందానికి ఏడవ స్టూడియో ఆల్బమ్. ఇందులో వినిపించే ధ్వని పరిణామాన్ని వాద్యాల మార్పుగా మాత్రమే చూడక, రికార్డింగు జరిగిన చోటు, తొలిశ్రోతగా నిలిచిన మిత్రుని మరణం అనే రెండు కారణాల వెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఇండీ పాప్, ఫీనిక్స్, ఆల్ఫా జులూ, ధ్వని పరిణామం, ఫిలిప్ జ్దార్.

1. ఉపోద్ఘాతం:
సంగీత సమీక్షలలో ‘ధ్వని మారింది’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఏది మారింది, ఎందుకు మారింది అనే ప్రశ్నలకు మాత్రం సమాధానం అరుదుగా దొరుకుతుంది. ఈ ప్రశ్నలకు ఫీనిక్స్ బృందం మంచి ఉదాహరణ. గాయకుడు తోమా మార్స్, బాస్ గిటారు, కీబోర్డు వాయించే డెక్ దార్సీ, గిటారు వాద్యకారులైన లోరాన్ బ్రాంకోవిట్జ్, క్రిస్టియాన్ మజలై ఇందులోని సభ్యులు. చివరి ఇద్దరూ అన్నదమ్ములు. పారిస్ సమీపంలోని వెర్సాయి ఈ బృందానికి పుట్టిల్లు. 2000లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘యునైటెడ్’ నాటి నుండి ఈ నలుగురే కొనసాగుతున్నారు. కాబట్టి ధ్వనిలోని మార్పుకు సభ్యుల రాకపోకలు కారణం కావు.

భాష కూడా ఇక్కడ గమనించదగిన అంశం. ఫ్రాన్సులో 1994 నాటి చట్టం ప్రకారం 1996 నుండి రేడియో కేంద్రాలు ప్రసారం చేసే పాటలలో కనీసం 40 శాతం ఫ్రెంచి పాటలు ఉండాలన్న నియమం అమలులోకి వచ్చింది. ఆ కాలంలోనే రూపుదిద్దుకున్న ఈ బృందం ప్రధానంగా ఇంగ్లీషులోనే పాడింది. కనుక వీరి ప్రత్యేకతను భాషలో కంటే ధ్వనిలో వెదకడం సముచితం.

2. చోటు – ధ్వని:
ఫీనిక్స్ ఆల్బమ్‌లను వరుసగా వింటే, రికార్డింగుకు వారు ఎన్నుకొన్న చోటుకు, రూపొందిన ధ్వనికి ఒక సంబంధం స్పష్టమవుతుంది. ‘ఆల్ఫబెటికల్’ (2004) ఎంతో చెక్కి, తూచి కూర్చిన ధ్వని. దానికి భిన్నంగా, బెర్లిన్‌లో రికార్డు చేసిన ‘ఇట్స్ నెవర్ బీన్ లైక్ దట్’ (2006)లో గిటార్లు మెరుగులు దిద్దని సహజత్వంతో వినిపిస్తాయి. ‘టి ఆమో’ (2017)ను పారిస్‌లోని గైటే లిరిక్ అనే పాత నాటకశాలలో సిద్ధం చేశారు. 2015 నవంబరు ఉగ్రదాడుల విషాదం నగరంలో ఇంకా చల్లారని రోజులవి. అయినా ఆ ఆల్బమ్ ఇటాలియన్ డిస్కో ఛాయలతో, వేసవి ఉల్లాసంతో నిండి ఉంది. దీనిని బట్టి చోటు ధ్వనిలో అద్దంలో వలె ప్రతిబింబించదని, ఒక్కొక్కసారి దానికి ఎదురునిలిచే ధ్వనిని కూడా పుట్టిస్తుందని గ్రహించవచ్చు.

‘ఆల్ఫా జులూ’కు వేదిక పారిస్‌లోని అలంకరణ కళల మ్యూజియం. లూవ్ర్ రాజప్రాసాదంలో ఒక భాగంలో ఉన్న ఈ మ్యూజియంలో వేర్వేరు శతాబ్దాల గృహోపకరణాలు, పింగాణీ, ఆభరణాలు పక్కపక్కనే కొలువుదీరి ఉంటాయి. కోవిడ్ కాలంలో సందర్శకులు లేని ఆ భవనంలో బృందం తన స్టూడియోను ఏర్పరచుకొంది. భిన్న కాలాల వస్తువులు ఒకే కప్పు కింద చేరినట్లే, ఈ ఆల్బమ్‌లోనూ భిన్న దశల ధ్వనులు ఒకచోట చేరాయి.

3. తొలిశ్రోత లేని లోటు:
కాస్యూస్ ద్వయంలో ఒకరైన ఫిలిప్ జ్దార్ ఫీనిక్స్‌కు చిరకాల మిత్రుడు. ‘వోల్ఫ్‌గాంగ్ అమాడియస్ ఫీనిక్స్’ (2009) నిర్మాణంలో ఆయన బృందానికి తోడుగా నిలిచారు. ఆ ఆల్బమ్ 2010లో ఉత్తమ ఆల్టర్నేటివ్ సంగీత ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం పొందింది. పాట పూర్తి కాకముందే విని, ఏది నిలవాలో ఏది తొలగాలో చెప్పగలిగిన ఆప్తుడాయన. మన అలంకారికుల పరిభాషలో చెప్పాలంటే సహృదయుడు. 2019 జూన్‌లో పారిస్‌లో ఒక భవనం పైనుండి ప్రమాదవశాత్తు పడి ఆయన మరణించారు.

ఆ తరువాత వచ్చిన తొలి ఆల్బమ్ ‘ఆల్ఫా జులూ’. దీనిని బృందమే స్వయంగా నిర్మించుకొంది. బయటి చెవి లేనప్పుడు సృజనకారుడే తనకు తాను శ్రోత కావలసి వస్తుంది. అందుకు తన గత కృషిని మళ్ళీ వినడం ఒక మార్గం. ఈ ఆల్బమ్‌లో పాత ధ్వనులు తిరిగి రావడాన్ని కేవలం గతానురక్తిగా గాక, ఈ కోణంలో చూడడం సబబు.

4. ఆల్బమ్ ధ్వని స్వరూపం:
ఆల్ఫా, జులూ అనేవి రేడియో సంభాషణలో ఎ, జెడ్ అక్షరాలకు వాడే సంకేతపదాలు. మొదటి అక్షరం నుండి చివరి అక్షరం దాకా అన్న సూచన పేరులోనే ఉంది. పది పాటలలో ‘టునైట్’ గిటారు, బాస్‌ల చురుకైన అల్లికతో 2009 నాటి ధ్వనిని గుర్తుచేస్తుంది. అయితే ఇందులో వాంపైర్ వీకెండ్ గాయకుడు ఎజ్రా కోనిగ్ గొంతు కలిపారు. ఇంతవరకు నలుగురికే పరిమితమైన వలయంలో బయటి గొంతుకు చోటు దొరకడం విశేషం. ‘ఆల్ ఐస్ ఆన్ మి’లో నృత్యశాలల ఎలక్ట్రానిక్ లయ ప్రధానం. ‘వింటర్ సోల్‌స్టిస్’ మందగమనంతో సాగే సింథసైజర్ గీతం. కోవిడ్ వల్ల మార్స్ అమెరికాలో, మిగిలిన ముగ్గురు పారిస్‌లో ఉండిపోయిన రోజులలో దూరం నుండే రూపొందిన ఈ పాటలో ఎడబాటు ధ్వనిగా మారింది.

చివరి పాట ‘ఐడెంటికల్’ ఆల్బమ్ కంటే రెండేళ్ళ ముందే, 2020లో సోఫియా కొప్పొలా చిత్రం ‘ఆన్ ది రాక్స్’ కోసం వెలువడింది. కాబట్టి ఆల్బమ్ మొత్తాన్నీ మ్యూజియంతోనే అన్వయించడం అతివ్యాప్తి అవుతుంది.

5. ముగింపు:
పై పరిశీలన వల్ల ధ్వని పరిణామం అంటే పాతదాన్ని విడిచి కొత్తదాన్ని చేపట్టడం మాత్రమే కాదని తెలుస్తుంది. ‘ఆల్ఫా జులూ’లో ఫీనిక్స్ తన పాత ధ్వనులను కొత్త చోట, తొలిశ్రోత లేని పరిస్థితిలో మళ్ళీ పరీక్షకు పెట్టింది. వాటిలో నిలిచినవే ఈ ఆల్బమ్‌లో వినిపిస్తున్నాయి. ఒక బృందం ఏ వాద్యాలు మార్చింది అన్న ప్రశ్నతో పాటు, ఎక్కడ కూర్చుని, ఎవరిని తలచుకొని వాయించింది అన్న ప్రశ్న కూడా సంగీత విమర్శకు అవసరమని ఈ ఆల్బమ్ నిరూపిస్తోంది.