గ్వాటిమాలా కార్మికులకు దేశాంతర సాహాయ్యము

పరదేశమున నొక కార్మికుని చంపినవారు మనకు జవాబుదారులు కారు. అచటి పోలీసులు మన మాట వినరు. అచటి న్యాయస్థానములకు మన యర్జీలు చేరవు. అట్టియెడ దూరదేశపు శ్రామికులు చేయగలిగిన దేమి యను ప్రశ్నకు సాధారణముగ లభించు ప్రత్యుత్తరము సానుభూతి తీర్మానము. తీర్మానముల విలువను మేము తక్కువ చేయము. కాని తీర్మానముతో నిలువక ముందునకు సాగిన యుదాహరణ మొకటి కలదు. మధ్య అమెరికాలోని గ్వాటిమాలా రాజధానియందు 1975 మొదలు 1985 వరకు నడచిన కోకాకోలా కర్మాగార వివాదమే యది. మా పాఠకులలో భూస్వాములును, కంపెనీల వాటాదారులును పెక్కండ్రు గలరు గావున దానిని కొంత వివరముగ వ్రాయుచున్నాము.

ఆ దేశమున 1954లో, ప్రజలెన్నుకొనిన అర్బెంజు ప్రభుత్వము అమెరికా గూఢచారిశాఖ తోడ్పాటున కూలద్రోయబడెను. పెద్ద కమతములలో బీడుపడిన భూమిని పరిహార మిచ్చి పేదరైతులకు పంచుట ఆ ప్రభుత్వము చేసిన ముఖ్యాపరాధము. అటుపిమ్మట మూడు దశాబ్దములు సైన్యమే దేశమునకు నిజమైన యజమాని. కార్మికసంఘము స్థాపించుట రాజద్రోహముగ నెంచబడుచుండెను.

అట్టి కాలమున, 1975లో, కోకాకోలాను సీసాలలో నింపు కర్మాగారపు కూలీలు సంఘముగ నేర్పడిరి. 1976 మార్చిలో సుమారు 150 మంది పనినుండి తొలగింపబడిరి. వారు కర్మాగారమును వదలక కూర్చుండగా పోలీసులు బలాత్కారముగ వెడలగొట్టిరి. ఇతర సంఘములన్నియు నొక్కటై సార్వత్రిక సమ్మెకు సిద్ధపడుటచే వారు తిరిగి పనిలోనికి తీసికొనబడిరి. అంతట తుపాకులు వచ్చెను. 1978 డిసెంబరు 12న సంఘనాయకుడగు పేద్రో కెవేదో, సీసాలు పంచు లారీలో నుండగా, కాల్చి చంపబడెను. కార్యదర్శియగు ఇస్రాయేల్ మార్కెస్ హత్యాప్రయత్నములను తప్పించుకొని 1979లో దేశము విడువవలసివచ్చెను. ఆయన స్థానమునకు వచ్చిన మాన్యుయేల్ లోపెస్ బలాన్ ఆ యేప్రిలులోనే గొంతుకోసి చంపబడెను. పిదప ఆ పదవి స్వీకరించిన మార్లోన్ మెందిసాబల్ 1980 మే 27న తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ సంఘమునకు కార్యదర్శి యగుట యనగా తన మరణశాసనముపై తానే చేవ్రాలు చేయుట. అయినను ఆ పదవి యెన్నడును ఖాళీగ నుండలేదు. 1980 జూన్ 21న జాతీయ కార్మికసమాఖ్య కార్యాలయమున సమావేశమైన 27 మంది పట్టపగలు పట్టుకొనిపోబడిరి. వారిలో ఈ కర్మాగారపు వారును గలరు. ఒక్కరును నేటివరకు తిరిగి రాలేదు.

అట్లాంటాలోని మూలకంపెనీ యేమి చెప్పినది? కర్మాగారము తమది కాదనియు, హ్యూస్టను నగరపు న్యాయవాది యొకడు దానిని నడపుచున్నాడనియు, తాము పానీయపు సారమును అమ్మి, పేరు వాడుకొను హక్కును మాత్రమే యిచ్చితిమనియు, ఒప్పందపు గడువు 1981 వరకు గలదు గావున చేయగలిగినది లేదనియు చెప్పినది. ఈ వాదము మన ప్రాంతములవారికి క్రొత్తది కాదు. గ్రామమును ఇజారాకిచ్చి, పట్టణమున మేడలో కూర్చుండి, ఇజారాదారుడు రైతు వీపుపై కొరడా ఝళిపించినప్పుడు “అది నాకు తెలియని సంగతి” యనిన జమీందారులను మన తాతలెరుగుదురు. శిస్తుసొమ్ము చేరినంతకాలము తెలియదు. చేరనినాడు అన్నియు తెలియును.

జెనీవాలో కార్యస్థానము గల ఆహారపదార్థ కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య ఆ కీలకమునే పట్టుకొనినది. అంతకు పూర్వమే, 1979లో, వాటాలుగల క్రైస్తవ సన్న్యాసినుల సాయమున మార్కెస్ కంపెనీ వాటాదారుల సభలో నిలిచి తన సహచరుల చావులను వినిపించెను. సభ వినినది, కంపెనీ కదలలేదు. 1980లో స్వీడన్, ఫిన్లాండ్, స్పెయిన్, మెక్సికో, న్యూజీలాండ్ మున్నగు దేశములలో అదే పానీయమును తయారుచేయు కార్మికులు పనులాపుట, బహిష్కారమునకు పిలుపిచ్చుట మొదలిడిరి. బాయికాట్ అను నాంగ్లేయ కమతపు గుమాస్తాను ఐర్లండు రైతులు వెలివేసి, ఆ మాటను లోకమునకిచ్చిన 1880వ సంవత్సరమునకు ఇది సరిగా నూరవ యేడు. వందేమాతరోద్యమ కాలమున విదేశవస్త్రమును విడిచిన యాంధ్రులకు బహిష్కార మననేమో బోధింప నక్కరలేదు. అయితే ఒక భేదము గలదు. మనవారు కొనుట మానిరి. వీరు చేయుట మానిరి. తమ యెన్నడు చూడని మనుష్యులకొరకు తమ కూలి పోగొట్టుకొనిరి. (మన దేశమున ఆ పానీయము 1977లోనే వెడలిపోయి 1993లో తిరిగి వచ్చినది గావున మన కార్మికులకు ఆ యవకాశము లేకపోయినది.)

పరదేశీయులు ఒక దేశపు వ్యవహారములలో తలదూర్చవచ్చునా యని జాతీయవాదులు సందేహింపవచ్చును. న్యాయమైన సందేహమే. పరోపకారము పేర పరదేశములపై అధికారము సంపాదించినవారి చరిత్ర మనకు బాగుగ తెలియును. కాని యిచట పిలిచినవారు ఆ దేశపు కార్మికులే. ఏమి కావలెనో చెప్పినవారును వారే. పైగా అర్బెంజును కూలద్రోయుట జోక్యము కాదట, హత్యలాపుడని సమ్మె చేయుట జోక్యమట!

“చేయగలిగినది లేద”నిన కంపెనీకి 1980 ముగియకముందే చేయగలిగినది కనబడినది. కర్మాగారము క్రొత్త యజమానుల చేతికి మారినది. సంఘము గుర్తింపబడి, డిసెంబరులో ఒప్పందము కుదిరినది. కాని 1984 ఫిబ్రవరి 17న ఆ యజమానులు దివాలా చెప్పి మూసివేతను ప్రకటించిరి. నాలుగు వందలకు పైబడిన కార్మికులు ఆ రాత్రియే కర్మాగారమును ఆక్రమించి 376 దినములు కావలియుండిరి. మరల నార్వే, మెక్సికో మున్నగుచోట్ల పనులు నిలిచినవి. 1985 మార్చిలో మరియొక యజమాని క్రింద తలుపులు తెరువబడినవి. అందరికిని పని దొరకలేదు.

ఈ విజయమును పెంచి చెప్పుట తగదు. కోకాకోలా పేరు ప్రపంచమంతటను అమ్ముడువోవునది గావున దానిని ప్రపంచమంతటను అడ్డగింప వీలయ్యెను. కాఫీతోటలో హతుడైన కూలీకొరకు స్వీడనులో ఏ యంత్రమును ఆగలేదు. ఆ దేశపు అంతర్యుద్ధమున రెండు లక్షలకు పైగా జనులు హతులో అదృశ్యులో యయిరని 1999లో సత్యవిచారణ సంఘము తేల్చినది. వారిలో అత్యధికులు గ్రామీణులైన మాయా జాతీయులు. 1996లో సంధి జరిగినను సంఘనాయకుల హత్యలు నిలువలేదు. 2012లో ఈ విషయమై అంతర్జాతీయ కార్మికసంస్థయందు దాఖలైన ఫిర్యాదు 2018లో మూసివేయబడినది. ఆ తరువాతను అచట సంఘనాయకులు చంపబడుచునే యున్నారు.