మూగయంత్రముల మొర

ఉదయము పది గంటలకు కార్యాలయము తెరచునప్పటికి ఒక కంప్యూటరు మేలుకొనదు. జీతముల పట్టికలు, ఉత్తరప్రత్యుత్తరములు అన్నియు అందులోనే చిక్కుపడియుండును. “నిన్న సాయంకాలము బాగుగనే పనిచేసినదే!” అని గుమాస్తా వాపోవును. నిజమునకు ఆ యంత్రము వారముల తరబడి తన బాధను చెప్పుకొనుచునే యుండవచ్చును. వినువారే లేకపోయిరి. అట్లు వినుటకై ఏర్పడిన పద్ధతియే దూరపర్యవేక్షణము.

కంప్యూటరు లోపల వేడిమిని, ఫ్యాను వేగమును, విద్యుత్తు వోల్టేజిని కొలుచు చిన్న సాధనములు కలవు. దుమ్ము పేరుకొని ఫ్యాను మందగించినచో ప్రాసెసరు వేడెక్కును. అప్పుడది ఆత్మరక్షణకై తన పనివేగమును తగ్గించుకొనును. వేడి మరింత హెచ్చినచో యంత్రము తనంతట తానే ఆగిపోవును. హార్డుడిస్కు సైతము ‘స్మార్ట్’ అను పద్ధతిని తన ఆరోగ్యపు లెక్క తానే వ్రాసికొనును. చెడిన భాగమును విడిచి, అందుకొరకై దాచియుంచిన మంచి భాగమును వాడుకొన్న ప్రతిసారియు ఆ లెక్క పెరుగును.

ఈ సమాచారము ఒకచోటికి చేరుట యెట్లు? ఇందుకు 1988లో ‘ఎస్.ఎన్.ఎం.పి.’ అను నియమావళి ప్రకటింపబడినది. ప్రతి యంత్రమునందును ‘ఏజెంటు’ అను చిన్న ప్రోగ్రాము ఉండును. కావలి కంప్యూటరు కొన్ని నిమిషముల కొకసారి ఒక్కొక్కదానిని “కుశలమా?” అని పలుకరించును. ఇది మొదటి మార్గము. ఆపద కలిగినప్పుడు యంత్రమే అడుగకుండ కబురు పంపుట రెండవది. దీనికి ‘ట్రాప్’ అని పేరు. అయితే ఈ కబురు నొక్కదానినే నమ్ముకొనరాదు. అది దారిలో తప్పిపోవచ్చును. హఠాత్తుగ ఆరిపోయిన యంత్రమో, కబురే పంపజాలదు. పలుకరించినను బదులు రాకపోవుటయే అప్పటి వార్త.

హెచ్చరిక యెప్పుడు మ్రోగవలెనో నిర్ణయించుటయందే నేర్పున్నది. వేడి కొలదిగ పెరిగిన ప్రతిసారియు ఫోనుకు సందేశము వచ్చినచో, “నాన్నా, పులి!” కథయే యగును. పదిసార్లు విసిగిన ఉద్యోగి పదునొకండవసారి నిజమైన ఆపదను గూడ త్రోసిపుచ్చును. కావున వేడి కొన్ని నిమిషములు ఎడతెగక హద్దు దాటియున్నప్పుడే సందేశము పంపునట్లు ఏర్పాటు చేయుట మేలు. ఆ సందేశము ఎవరికి పోవలెనో, వారు సెలవులో నున్నచో ఎవరందుకొనవలెనో ముందుగనే నిశ్చయించుకొనవలెను.

ఇంత కావలి యున్నను నిశ్చింతగ నుండవచ్చునా? 2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైబడిన డిస్కుల చరిత్రను పరిశీలించి ఫలితములను ప్రకటించిరి. తనిఖీలో మొదటి దోషము కనబడిన డిస్కు, దోషము లేనిదానికంటె, 60 దినములలోపల పాడగుటకు 39 రెట్లు ఎక్కువ అవకాశమున్నదని తేలినది. కనుక హెచ్చరికను అలక్ష్యము చేయరాదు. కాని పాడైన డిస్కులలో నూటికి 36కు పైగా, వేడిమి మినహా మరి యే స్మార్ట్ లెక్కలోను ముందుగ దోషమును చూపనే లేదు!

యంత్రము మొరపెట్టినప్పుడు తప్పక వినవలెను. మొరపెట్టలేదని మాత్రము నమ్మి యూరకుండరాదు. ముఖ్యమైన లెక్కలకు వేరొకచోట నకలు నుంచుకొన్న కార్యాలయమునకు, ఉదయము మేలుకొనని కంప్యూటరు ఒక చికాకు మాత్రమే యగును. నకలు లేనివారికి అది కోలుకొనరాని నష్టము.