ఆదాయము లేని రైలుకు పెట్టుబడి: ఇజారా దృష్టి

టిక్కెట్టు రూపంలో ఒక్క పైసా తేని రైళ్లు కొన్ని ఉన్నాయి. ప్రమాదస్థలానికి వైద్యులను, క్రేనును చేర్చే సహాయక రైలు, పట్టాలను, విద్యుత్ తీగలను బాగుచేసే నిర్వహణ బండి ఈ కోవకు చెందినవి. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద రెండు ప్యాసింజరు రైళ్లు ఢీకొని 14 మంది మరణించారు. అటువంటి గడియలోనే ఈ బండ్ల విలువ తెలుస్తుంది.

ప్రమాదంలో పై తీగ తెగినా, కరెంటు ఆపివేసినా కేవలం విద్యుత్తుపై నడిచే బండి కదలదు. హైబ్రిడ్ బండి తీగ ఉన్నచోట దానినుండి, లేనిచోట బ్యాటరీ లేక డీజిలు నుండి శక్తిని గ్రహిస్తుంది. సౌకర్యం పెరిగిన కొద్దీ ధరా పెరుగుతుంది. ఆ సొమ్ము ఎవరివ్వాలి?

1986లో స్థాపితమైన ఇండియన్ రైల్వే ఫైనాన్స్ కార్పొరేషన్ బాండ్లద్వారా ధనం సేకరించి, ఇంజన్లు, పెట్టెలు కొని, రైల్వే మంత్రిత్వ శాఖకు లీజుకిస్తూ వచ్చింది. లీజు సాధారణంగా 30 ఏళ్లు. మొదటి 15 ఏళ్లలో అసలు, వడ్డీ తీరుతాయి. తరువాత నామమాత్రపు అద్దె.

పైకి ఇది ఇజారాను పోలియున్నది. ఇజారా అనగా వస్తువును అమ్మక, దాని ప్రయోజనాన్ని నిర్ణీత అద్దెకు ఇచ్చుట. గౌతమీ తీరాన కపిలేశ్వరపురంలో వరదల కోసమని ఒకరు పడవను అద్దెకు తీసుకొని రేవులో కట్టి ఉంచారనుకొందాము. ఆ ఏడు వరద రాలేదు. అయినను అద్దె చెల్లవలసిందే. ఏలననగా పడవ వారి స్వాధీనంలో, వాడుకకు సిద్ధంగా ఉన్నది. నిలిచియున్న సహాయక రైలుకు అద్దె న్యాయమగుట ఈ సూత్రం వల్లనే.

అయితే పడవ అడుగు చిల్లుపడితే బాగుచేయించవలసినవాడు యజమాని. అద్దెదారుని తప్పు లేకుండా మునిగిపోతే అద్దె ఆగిపోతుంది. పైన చెప్పిన లీజులోనో మరమ్మతు, నష్టభారం రెండూ రైల్వేలవే. మూలధనం వడ్డీ బాండ్లది. కనుక పేరు అద్దెయైనా సారాంశంలో అది అప్పే. యజమాని అనిపించుకొన్నవాడు నష్టాన్నీ భరించాలన్నదే ఇజారాలోని కీలకము.

అప్పు కాని మార్గమూ ఉన్నది. 1908లో మదీనా చేరిన హిజాజ్ రైలుమార్గ నిర్మాణానికి ముస్లిముల విరాళాలు తోడ్పడినవి. నేడు భారతదేశంలో 2017-18లో ఏర్పడిన రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ ఐదేళ్లకు లక్ష కోట్ల రూపాయల లక్ష్యంతో భద్రతకై ప్రత్యేకించబడినది. కాని రైల్వేలు తమ వనరులనుండి వేయవలసిన వాటా బాగా తగ్గిందని 2022లో కాగ్ నివేదిక వెల్లడించినది.

కపిలేశ్వరపురానికి దాపుననే ఉన్న కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పట్టాలు పెకలించబడి, 2004లోగాని తిరిగి పడలేదు. కోటిపల్లి–నర్సాపురం మార్గం గౌతమి, వైనతేయ, వసిష్ఠలను దాటవలసియున్నది. నదులమీది మార్గానికి సహాయక బండి అలంకారం కాదు. దాని ఫలం ఆదాయంగా గాక, నిలిచిన ప్రాణాలుగా లెక్కకు వస్తుంది. అట్టిదానికి వడ్డీతో పెరిగే అప్పుకంటె ప్రజాధనం గాని, నష్టాన్నీ పంచుకొనే నిజమైన ఇజారా గాని తగినది.